తెర మీద పువ్వు వేరు, బట్ట మీద పువ్వు వేరు

ఇయ్యాల ఏ మండల కేంద్రానికి పోయినా ఒక్కటన్న 'కంప్యూటర్ ఎంబ్రాయిడరీ' బోర్డు కనవడుతది. ఐటీఐ చదివిన తమ్ముడు, డిగ్రీ నడిమిట్ల ఆపిన చెల్లె, ఇంటికాడ మిషన్ కుట్టే అక్క, అందరూ ఈ పనిలకు వస్తున్నరు. కొందరు అప్పు తెచ్చి మిషన్ కొన్నరు. కొందరు వేరేటోళ్ల మిషన్ మీద కైకిలికి కుడుతున్నరు. పెన్‌డ్రైవ్‌ల వేల డిజైన్లు ఉంటయి, ఫోన్ల ఇంకిన్ని ఉంటయి. ఇగ పనికి ఏం కొదువ అనిపిస్తది.

కానీ ఒక్కటి చూడుండ్రి. అదే ఫైలు, అదే కంపెనీ మిషన్. ఒక షాపుల కుట్టిన నెమలి నిండుగ, సాపుగ ఉంటది. ఇంకో షాపుల అదే నెమలి చుట్టూ బట్ట ముడుతలు పడి, రంగు ఒక దిక్కు, ఔట్‌లైన్ ఒక దిక్కు ఉంటది. మిషన్ పాతదనో, దారం మంచిది కాదనో అంటరు. ఎక్కువసార్లు అసలు కారణం అది కాదు. మొదటి షాపులున్నోళ్లు గిరాకీ బట్టను ముట్టుకోకముందు ముక్క మీద కుట్టి చూసిన్రు, తప్పు ఎక్కడున్నదో పట్టిన్రు, ఫైలు సరిచేసిన్రు. రెండో షాపులున్నోళ్లు ఫైలు ఎక్కించిన్రు, బటన్ ఒత్తిన్రు. గంతే తేడా.

ఈ పనిల ఫైలు అందరికీ దొరుకుతది. కుట్టి చూసి సరిచేసే చెయ్యి కొందరికే ఉంటది. గిరాకీ నిలబడేది ఆ చేతి దగ్గరనే. ఆ చెయ్యి ఎట్ల వస్తదో చెప్పుకుందాం.

ఫైలంటే బొమ్మ కాదు

మన షాపులల్ల ఎక్కువ నడిచేది డీఎస్‌టీ ఫైలు. జపాన్ కంపెనీ తజిమా మిషన్ల నుంచి వచ్చిన ఫార్మాట్ అది. ఇప్పుడు వేరే కంపెనీల మిషన్లు సుత దాన్ని చదువుతయి. ఆ ఫైల్ల పువ్వు ఉండదు, ఆకు ఉండదు, రంగు సుత ఉండదు. 'ఫ్రేమును ఇటు ఇంత జరుపు, అటు ఇంత జరుపు, సూది గుచ్చు' అనే ఆదేశాలే వరుసగ ఉంటయి. జరుగుడు లెక్క మిల్లీమీటర్ల పదో వంతులల్ల ఉంటది. ఒక్క ఆదేశానికి ఒక దిక్కు మహా అయితే 12.1 మిల్లీమీటర్లు జరుగుతది. ఇంకా దూరం పోవాలంటే దుంకుకుంట దుంకుకుంట పోతది. రంగు మార్చే కాడ 'ఆగు' అని గుర్తు ఉంటది. ఏ రంగు ఎక్కించాలెనో అది చెప్పదు, మనమే చూసుకోవాలె.

డిజైన్ తయారుచేసుడును మనోళ్లు 'పంచింగ్' అంటరు. ఆ మాట ఊరికే రాలే. 1863ల స్విట్జర్లాండ్ మనిషి ఇసాక్ గ్రోబ్లి షిఫ్లీ ఎంబ్రాయిడరీ మిషన్ తయారుచేసిండు. మొదట్ల పెద్దగ గీసిన బొమ్మ మీద మనిషి చేతితోని ముల్లు జరుపుకుంట పోతే, మిషన్ దాన్ని చిన్నగ చేసి కుట్టేది. తర్వాత చిల్లులు కొట్టిన అట్టలు వచ్చినయి, మిషన్ ఆ చిల్లుల లెక్కన నడిచింది. మన చేనేత మగ్గాల మీద జకార్డ్ అట్టలు చూసినోళ్లకు ఇది వెంటనే సమజైతది. అట్టలు పోయి కంప్యూటర్ వచ్చింది, పంచింగ్ అనే పేరు మిగిలింది.

డిజైన్ చేసినోళ్ల దగ్గర అసలు ఫైలు వేరే ఉంటది. విల్‌కామ్ సాఫ్ట్‌వేర్ వాడితే అది ఈఎంబీ ఫైలు. దాంట్ల 'ఇది శాటిన్ కుట్టు, దీని డెన్సిటీ ఇంత, కింద అండర్‌లే ఇది' అని విడివిడిగ ఉంటది. ఏది మార్చినా సాఫ్ట్‌వేర్ కుట్లను మళ్ల లెక్క కడుతది. డీఎస్‌టీ కుట్టేసిన జాకెట్ అసొంటిది. అసలు ఫైలు కొలతల కాగితం అసొంటిది. కుట్టిన జాకెట్‌ను కొంచెం బిగించొచ్చు, కొంచెం వదులు చేయొచ్చు. మొత్తం మార్చాలంటే కొలతలే కావాలె. అందుకే డిజైన్ కొనేటప్పుడు రెండు అడగాలె. ఒకటి, అసలు ఫైలు ఇస్తరా? రెండు, ఇది బట్ట మీద కుట్టి చూసిన్రా, కుట్టిన ఫొటో ఉన్నదా? తెర మీది రంగుల బొమ్మ పంపితే అది కుట్టిన ఫొటో కాదు.

దారం గుంజుతది, బట్ట జరుగుతది

తెర మీద గుండ్రం గుండ్రంగనే ఉంటది. తెర ముడుచుకోదు, సాగదు. బట్ట అట్ల కాదు. ఒక్కో కుట్టు పడ్డప్పుడు దారం రెండు కొసలను దగ్గరికి గుంజుతది. అందుకే కుట్టు పోయే దిక్కున బొమ్మ సన్నబడుతది. కుట్లు పక్కపక్కన పేరుకుంట పోయే దిక్కున బట్టను బయటికి నూకుతది, ఆ దిక్కున బొమ్మ పొడుగైతది. గుంజుడు ఒక దిక్కు, నూకుడు ఒక దిక్కు. ఎంబ్రాయిడరీల వచ్చే తిప్పలల్ల సగం ఈ రెండిటి నుంచే వస్తయి.

లెక్క చూద్దాం. 40 మిల్లీమీటర్ల గుండ్రం గీసి, అడ్డం కుట్లతోని నింపినం అనుకోండ్రి. కుట్టి కొలిస్తే అడ్డం 39.2 వచ్చింది, నిలువు 40.6 వచ్చింది. గుండ్రం కోడిగుడ్డు అయింది. దాని చుట్టూ ఔట్‌లైన్ మాత్రం 40 లెక్కననే పడుతది. అప్పుడు రెండు పక్కల బట్ట కనవడుతది, మీద కింద రంగు బయటికి వస్తది. మిషన్ తప్పు చేయలే, చెప్పినట్టే కుట్టింది. చెప్పినోళ్లే బట్టను లెక్కల పట్టలే.

ఎంత గుంజుతదనేది బట్టను బట్టి ఉంటది. రా సిల్క్ మీద ఒక తీరు, జార్జెట్ మీద ఒక తీరు, సాగే టీషర్టు మీద ఇంకో తీరు. అందుకే 'ఈ ఫైలు అన్నిట్ల బరాబర్ వస్తది' అని ఎవలన్నా అంటే నమ్మొద్దు. మగ్గం వర్క్ చేసే అన్న ప్రతి కుట్టుకు బట్టను చూస్తడు, జర గుంజినట్టు అనిపిస్తే చెయ్యి వదులు చేస్తడు. మిషన్‌కు ఆ కన్ను లేదు. ఆ కన్ను పెట్టాల్సింది మనమే, సాంపిల్ కుట్టినప్పుడే.

సాంపిల్ ఎట్ల కుట్టాలె

ఏదో ఒక పాత గుడ్డ మీద కుట్టి చూస్తే అది సాంపిల్ కాదు. అసలు పనికి ఏం వాడుతమో సాంపిల్‌కు సుత అదే వాడాలె. అదే రకం బట్ట, కింద పెట్టే అదే పేపరు, అదే దారం, అదే సూది, అదే స్పీడు. కాటన్ మీద చూసి పట్టు మీద కుడితే చూసినట్టే కాదు.

ఇక్కడ ఒక తిప్పలున్నది. చీరతోని వచ్చిన జాకెట్ పీసు ఒక్కటే ఉంటది, దాని మీద సాంపిల్ ఎట్ల కుడుతం? రెండు మెట్లు పెట్టుకోండ్రి. మొదట అదే మందం, అదే నేత ఉన్న వేరే ముక్క మీద కుట్టి సరిచేయాలె. తర్వాత జాకెట్ పీసు మీద మార్కింగ్ చేసినంక చూడుండ్రి, మెడ గీత లోపలి బట్ట ఎట్లాగూ కత్తిరించి పారేసేదే. గిరాకీకి చెప్పి, గీతకు దూరంగ ఆ నడిమిట్ల డిజైన్‌ల ఒక చిన్న ఆకో, రెండు సుక్కలో కుట్టి చూడొచ్చు. అసలు బట్ట ఏమంటదో అదే చెప్తది.

మొత్తం డిజైన్ ప్రతిసారి కుట్టాల్సిన పని లేదు. కష్టమైన చోటు ఏదో చూడాలె. ఔట్‌లైన్ ఉన్న చోటు, సన్న కొసలు, చిన్న అక్షరాలు, రెండు రంగులు కలిసే అంచు. అంత భాగం విడిగ ఫైలు చేసుకొని కుట్టాలె. ఫైలు కొత్తదైతే మాత్రం మొత్తం ఒక్కసారన్న నడవాలె. వరుస తప్పు, ఎక్కువ దుంకుళ్లు మొత్తం కుడితేనే బయటపడతయి.

ఫ్రేముల పెట్టేటప్పుడు బట్ట బిర్రుగ ఉండాలె గానీ సాగగుంజొద్దు. నేత దారాలు ఫ్రేముకు సీదాగ ఉండాలె. మిషన్ నడిచేటప్పుడు ఫోన్ చూసుకుంట కూసోవద్దు. ఏ చోట దారం తెగింది, ఏ చోట చప్పుడు మారింది, ఏ రంగు కాడ బట్ట లేచింది, రాసుకోవాలె.

అయిపోయినంక వెంటనే విప్పొద్దు. ఫ్రేముల ఉన్నప్పుడు ఒకసారి చూడాలె, తీసినంక బల్ల మీద పరిచి మళ్ల చూడాలె. ఫ్రేముల సాపుగ ఉండి, తీసినంక ముడుతలు పడితే బట్టను గుంజి బిగించినట్టు. ఫ్రేముల ఉన్నప్పుడే ముడుతలు పడితే బట్ట వదులుగన్న ఉన్నది, దారం టెన్షన్ ఎక్కువన్న ఉన్నది, కాదంటే కుట్లు మరీ దట్టంగ ఉన్నయి. తర్వాత ఎనుక దిక్కు తిప్పి చూడాలె. ఆఖరుకు స్కేలు పెట్టి కొలవాలె. కంటికి బాగున్నది అనుకునుడు కాదు, కొలత కావాలె.

తప్పు ఎవలిది?

సాంపిల్ బాగ రాకుంటే చానామంది తొందరపడి ఫైలు మారుస్తరు. ముందుగాల దొంగ ఎవలో తెలవాలె. మిషనా, బట్టా, ఫైలా?

మిషన్‌ను పరీక్ష చేసుడు అల్క. ఎప్పుడూ మంచిగ వచ్చే ఒక చిన్న డిజైన్ దగ్గర పెట్టుకోండ్రి. నాలుగైదు నిలువు శాటిన్ పట్టీలున్నా చాలు. అది కుట్టి ఎనుక చూడాలె. పట్టీ నడిమిట్ల మూడో వంతు తెల్ల బాబిన్ దారం, రెండు పక్కల చెరో మూడో వంతు పై దారం కనవడాలె. ఎనుక అసలు తెల్లదే కనవడకుంటే పై దారం మరీ వదులుగ ఉన్నట్టు. తెల్ల దారం ముందటికే వస్తుంటే పై దారం మరీ బిగుసుకున్నట్టు, లేదంటే బాబిన్ వదులైనట్టు. ఈ పరీక్షల మిషన్ గెలిస్తే ఇగ దాన్ని అనుమానించొద్దు.

జరిగిన ఔట్‌లైన్ సుత ముచ్చట చెప్తది. బొమ్మకు రెండు పక్కల సమానంగ సందు వస్తే అది దారం గుంజుడే, ఫైలుల సరిచేయాలె. అన్నీ ఒక్క దిక్కే జరిగితే బట్ట ఫ్రేముల జారింది, లేదంటే కింద పేపరు సాలలేదు. ఒక చోటి దాకా బరాబర్ వచ్చి, అక్కడి నుంచి మొత్తం జరిగితే ఫ్రేముకు ఏదో తగిలింది, లేదంటే మిషన్ జారింది. దారం ఎప్పుడూ ఒక్క చోటనే తెగితే ఫైలును చూడాలె. ఎక్కడంటే అక్కడ తెగితే సూదిని, దారాన్ని, దారం పోయే తొవ్వను చూడాలె. పాత సూది మార్చకుండ ఫైలుతోని కొట్లాడితే పొద్దంతా దాంట్లనే పోతది.

ఫైలుల ఏం మార్చాలె

మిషన్, బట్ట బాగున్నయని తేలినంక ఫైలు పని పట్టాలె. ఒక్కసారికి ఒక్కటే మార్చాలె. నాలుగు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎరుక ఉండదు.

సన్నబడుడు: దీనికి పుల్ కాంపెన్సేషన్ అని ఉంటది. కుట్టు గుంజుతది గాబట్టి ముందుగాలనే కొంచెం వెడల్పు ఇచ్చుడు. మన గుండ్రం 0.8 మిల్లీమీటర్లు తగ్గింది. అంటే ఒక్కో పక్కకు 0.4 ఇయ్యాలె. సాఫ్ట్‌వేర్ ఆ అంకెను ఒక్కో పక్కకు లెక్కగడుతదా, రెండు పక్కల కలిపి లెక్కగడుతదా చూసుకోవాలె. నిలువు 0.6 పెరిగింది గాబట్టి మీద 0.3, కింద 0.3 బొమ్మనే తగ్గించి గీయాలె. మళ్ల కుడితే గుండ్రం గుండ్రంగ దగ్గరికి వస్తది.

అండర్‌లే: గోడకు రంగేసే ముందు సున్నం కొట్టినట్టు ఇది. పై కుట్టు పడకముందు పల్చటి కుట్లు బట్టను, పేపరును కలిపి పట్టుకుంటయి. సన్న శాటిన్‌కు నడిమిట్ల ఒక్క గీత సాలు. వెడల్పు శాటిన్‌కు అంచుల పొంటి గీత, దాని మీద జిగ్‌జాగ్ పెడితే అంచు నున్నగ వస్తది. నింపే కుట్లకు అడ్డ దిశల పల్చటి జాలి కావాలె. అండర్‌లే లేని డిజైన్ తెర మీద తేడా కొట్టదు, బట్ట మీద ఒరుగుతది.

డెన్సిటీ: మామూలు 40 నంబరు దారానికి వరుసకు వరుసకు నడుమ 0.4 మిల్లీమీటర్లు అనేది మొదలుపెట్టే లెక్క. కింది బట్ట కనవడుతున్నదని చానామంది వెంటనే కుట్లు దట్టం చేస్తరు. అప్పుడు బట్ట అట్టలెక్క బిర్రుగ అయితది, ముడుతలు వస్తయి, దారం తెగుతది. ముందు అండర్‌లే చూడాలె, డెన్సిటీ మాట తర్వాత. జార్జెట్ అసొంటి పల్చటి బట్టకైతే 0.45, 0.5 దాకా పల్చన చేస్తేనే మంచిగుంటది.

కుట్టు పొడుగు: 7 మిల్లీమీటర్లు దాటిన శాటిన్ గాజులకు, గోర్లకు తట్టుకొని లేస్తది. దాన్ని నడిమిట్ల విడగొట్టాలె, లేదంటే నింపే కుట్టు చేయాలె. ఒక మిల్లీమీటర్ కంటే సన్నగ ఉన్న చోట శాటిన్ నిలువది, అక్కడ రన్నింగ్ కుట్టే నయం. మరీ చిన్న కుట్లు ఒక్క చోట కుప్ప పడితే దారం తెగుతది. కొసలల్ల ఇవే ఉంటయి, ఏరి తీసేయాలె.

వరుస: నడిమిట్ల నుంచి బయటికి కుట్టుకుంట రావాలె. అప్పుడు నూకిన బట్ట అంచులకు పోతది. బయట నుంచి లోపలికి వస్తే బట్ట నడుమ ఉబ్బుతది. ఔట్‌లైన్లన్నీ ఆఖరుకు దాచిపెట్టొద్దు. ఒక పువ్వు నింపినంక దాని ఔట్‌లైన్ వెంటనే పడితే బట్ట ఇంకా జరిగి ఉండదు. పక్కపక్కన ఉన్న రెండు భాగాలకు కుట్టు దిక్కు వేరువేరు పెడితే బట్ట అంతా ఒక్క దిక్కే గుంజుకపోదు.

ఇవన్నీ నేర్చుకోను పైసలు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనే స్థోమత లేనోళ్లు ఇంక్‌స్టిచ్ చూడుండ్రి. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌తోని నడుస్తది, రెండూ ఉచితం. డెన్సిటీ, అండర్‌లే, పుల్ కాంపెన్సేషన్ అన్నీ దాంట్ల మార్చొచ్చు, డీఎస్‌టీగ తీసుకోవచ్చు.

సైజు తగ్గించుడుల మోసం

'డిజైన్ బాగున్నది గానీ జర చిన్నగ కావాలె' అని గిరాకీ అంటది. మిషన్ మీదనే 80 శాతానికి తగ్గించి కుడుతరు. ఏమైతది? డీఎస్‌టీ ఫైలుల కుట్ల సంఖ్య తగ్గది, జాగా మాత్రం తగ్గుతది. పొడుగు 0.8, వెడల్పు 0.8 అయితే జాగా 0.64 మిగులుతది. అంటే అంతే జాగాల కుట్లు ఒకటిన్నర రెట్ల కంటే ఎక్కువ పడ్డట్టు. 0.4 సందు 0.32 అయితది. బట్టకు చిల్లు పడుతది, సూది ఇరుగుతది.

పెంచితే ఉల్టా. 125 శాతం చేస్తే 0.4 సందు 0.5 అయితది, కింది బట్ట కనవడుతది. 6 మిల్లీమీటర్ల శాటిన్ 7.5 అయి గాజులకు తట్టుకుంటది. డీఎస్‌టీ అయితే 10 శాతం లోపట్నే ఆగుండ్రి. అంతకంటే మారాలంటే అసలు ఫైలు తెరిచి, కుట్లు మళ్ల లెక్క కట్టించి, మళ్ల సాంపిల్ కుట్టాలె. సైజు మారితే అది కొత్త డిజైన్ కిందనే లెక్క.

'ప' కాస్త 'వ' అయితది

పెండ్లి జాకెట్ల మీద పేర్లు, పిల్లల బట్టల మీద పేర్లు, యూనిఫాం జేబు మీద బడి పేరు. ఇంగ్లీషు అక్షరాలు సాఫ్ట్‌వేర్‌తోనే కుట్టుకు తయారుగ వస్తయి. తెలుగుకు ఎక్కువసార్లు మనమే గీసుకోవాలె. కంప్యూటర్ ఫాంటును ఒక్క నొక్కుడుతోని కుట్టుగ మారిస్తే ఒత్తులు, గుడులు ఆగమాగం అయితయి.

తెలుగు అక్షరం అంతా వంపులే, సున్నలే. కుట్టు బట్టను గుంజి, నూకి ఆ సందులను మూస్తది. 'ప' మీది తలకట్టు విడిగ ఉండాలె. ఆ సందు మూసుకపోతే అది 'వ' అయితది. పద్మ కాస్త వద్మ అయితది. 'థ' నడిమిట్ల చుక్క కలిసిపోతే 'ధ' అయితది. సున్న నిండిపోయి ముద్ద అయితది. ఇంగ్లీషు పెద్దక్షరం 5 మిల్లీమీటర్ల ఎత్తుల చదవొస్తది. అదే ఎత్తుల తెలుగు అక్షరం, మీద గుడి, కింద ఒత్తు అన్నీ పట్టాలంటే ఒక్కోదానికి ఒకటి రెండు మిల్లీమీటర్లే మిగులుతయి. అది నడవది.

అందుకే తెలుగు పేరు పెద్దగ పెట్టాలె. తెర మీద అందంగ కనవడే దానికంటే సందులు ఎక్కువ వదిలి గీయాలె, ఒక మిల్లీమీటర్ అన్న ఉండాలె. చిన్నగనే కావాలని పట్టుబడితే సన్న దారం 60 నంబరుది, సన్న సూది 65/9 వాడాలె. అక్షరాలల్ల పుల్ కాంపెన్సేషన్ మరీ ఎక్కువ ఇస్తే అదే సందులు మూస్తది, పైలం. సాంపిల్ కుట్టినంక ఆ పేరు ముందుగాల తెల్వని మనిషికి చూపించి చదివించుండ్రి. మనకు పేరు తెలుసు గాబట్టి తప్పున్నా మనకు బరాబర్‌గనే కనవడుతది.

పట్టు మాఫ్ చేయది

కాటన్ మీద తప్పు కుడితే విప్పి ఉతికితే సూది చిల్లులు చాలామటుకు కలుస్తయి. బిగువైన పట్టు మీద అట్ల కాదు. విప్పినా చిల్లుల వరుస అట్లనే కనవడుతది. గద్వాల చీరనో, పోచంపల్లి పట్టుచీరనో, దాని తోని వచ్చిన పీసు కరాబైతే అసొంటిది ఇంకోటి తేలేం. నేసినోళ్ల కష్టం, కొన్నోళ్ల పైసలు, మన పేరు మూడూ ఒక్కసారే పోతయి. పట్టుకు సన్న, మొన తేలిన కొత్త సూది పెట్టాలె. మామూలు పనికి 75/11 నడుస్తది, పల్చటి పట్టుకు 65/9 మంచిది.

జరీ దారానికి వేరే లెక్క. అది మెలి తిరుగుతది, సూది కన్నంల రాసుకొని చీలుతది. దానికి పెద్ద కన్నమున్న సూది కావాలె. స్పీడు 500, 600 కుట్లకు తగ్గించాలె, పై టెన్షన్ వదులు చేయాలె. ఫైలుల సుత కుట్టు జర పొడుగు, వరుసలు జర పల్చన పెట్టాలె. మామూలు దారానికి చేసిన ఫైలుకు జరీ ఎక్కించి 'దారం మంచిది కాదు' అంటే దారం ఏం చేస్తది?

సాగే టీషర్టుకు మొన గుండ్రమున్న సూది, చింపకుండ ఎనుక ఉండిపోయే పేపరు కావాలె. వెల్వెట్ మీద నూగు కుట్లను మింగుతది. దాని మీద నీళ్లల్ల కరిగే పల్చటి ప్లాస్టిక్ పొర పరిచి, అండర్‌లే పెంచి కుట్టాలె.

సాంపిల్ కైకిలి ఎవలియ్యాలె?

ఇగ అసలు ముచ్చట. సాంపిల్ కుట్టమంటే చానామంది అనే మాట, 'అంత టైం ఏడున్నది?' లెక్క చేద్దాం. 20,000 కుట్ల డిజైన్, నిమిషానికి 800 కుట్లు అంటే 25 నిమిషాలు, రంగులు మార్చుడు వేరే. వెయ్యి కుట్లకు సుమారు 5, 6 మీటర్ల దారం పోతది. అంటే మొత్తం సాంపిల్‌కు 100 నుంచి 120 మీటర్లు. 5000 మీటర్ల కోన్‌ల అది ఎంత? కష్టమైన చోటు మాత్రమే 4,000 కుట్లు కుడితే 5 నిమిషాల పని. ఇంకో దిక్కు చెడిపోయిన పట్టు పీసు, వాపస్ ఇయ్యాల్సిన పైసలు, ఊరంత చెప్పుకునే మాట. ఏది బరువు?

ఈ లెక్క తెల్వకుంట నష్టపోయేది ఎక్కువగ మిషన్ మీద కూసున్న పోరగాండ్లు, ఆడోళ్లే. మస్తు చోట్ల పీసు లెక్కన, లేదంటే వేల కుట్ల లెక్కన కైకిలి ఇస్తరు. సాంపిల్ కుట్టిన టైంకు పైసలుండవు. పైసలు రాని పని ఎవలు చేస్తరు? సాంపిల్ లేకుంట కుడుతరు. బట్ట చెడితే మళ్ల వాళ్ల కైకిలిలనే కోస్తరు. ఇది అన్యాయం, పైంగ తెలివితక్కువ. సాంపిల్ కుట్టి ఫైలు సరిచేసుడు పనిల భాగం. దానికి గంట లెక్కన కైకిలి ఉండాలె. గిరాకీకి బిల్లు రాసేటప్పుడు 'పంచింగ్, సాంపిల్' అని విడిగ ఒక గీత రాయాలె. కొత్త డిజైన్‌కు ఒక్కసారే పడే ఖర్చు అది. తర్వాత అదే డిజైన్ 12 జాకెట్లకు కుడితే ఒక్కోదాని మీద పడేది రెండు నిమిషాలే. గిరాకీకి సాంపిల్ ముక్క చేతిల పెట్టి చూపిస్తే ఆ పైసలు ఎందుకో వాళ్లకే సమజైతది. 'ఇట్ల వస్తది, సరేనా?' అని అడిగి కుడితే తర్వాత లొల్లి సుత ఉండదు.

సొంత మిషన్ ఉన్నోళ్లకు ఇంకో మాట. సాంపిల్ ముక్కలు పారేయొద్దు. ప్రతి ముక్క మీద పెన్నుతోని రాయండ్రి. ఏ బట్ట, ఏ పేపరు, ఏ సూది, డెన్సిటీ ఎంత, కాంపెన్సేషన్ ఎంత, తారీఖు. మార్చిన ఫైలుకు కొత్త పేరు పెట్టండ్రి, పాతదాని మీద సేవ్ చేయొద్దు. నెమలి 1, నెమలి 2, నెమలి 3 అని పోవాలె. ఏడాది తిరిగే వరకు ఆ ముక్కల మూట మీ ఊరి బట్టలకు, మీ మిషన్‌కు, మీ గిరాకీకి సరిపోయే పుస్తకం అయితది. రా సిల్క్ వచ్చిందంటే మూట విప్పి చూస్తరు, ఎంత పెట్టాలెనో అక్కడనే ఉంటది. ఏ వీడియోల సుత ఆ లెక్క దొరకది, ఎందుకంటే వీడియో చేసినోళ్ల బట్ట వేరు, మన బట్ట వేరు.

పెన్‌డ్రైవ్ ఎవలన్నా కాపీ కొట్టుకోవచ్చు. మూట ఎవలు కాపీ కొడుతరు? ఈ ముహూర్తాల సీజన్ మొదలుగాకముందే ఎక్కువ నడిచే అయిదు డిజైన్లు తీయండ్రి. మూడు రకాల బట్టల మీద కుట్టండ్రి, కొలవండ్రి, రాయండ్రి. గిరాకీ వచ్చి కూసున్నప్పుడు మీ దగ్గర ఫోన్ల బొమ్మ కాదు, చేతిల కుట్టిన ముక్క ఉండాలె.